దేవునికి ఫోన్ ఎట్ల జెయ్యాలె?

మూడేళ్ల కింద మొయినాబాద్‌లో ఒక పెళ్లికి పోయినప్పుడు, భోజనాల దగ్గర వరుసకు ఆడపడుచయ్యే ఒకామె అడిగింది, "వదినా, మీ పెద్దబిడ్డ ఏం చదువుతున్నది?" అని.

"ఎం.ఏ. ఆంత్రోపాలజీ. మానవశాస్త్రం. మనుషుల గురించి చదువు" అన్నాను.

ఆమె పప్పు కలుపుకుంటూ, "మనుషుల గురించి చదువుడేంది వదినా, మనుషులు కనవడ్తలేరా?" అంది. బంతిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఎందుకంటే ఆ భయం నాక్కూడా ఉంది. నేను బీఏ తెలుగు చదివాను. తర్వాత పెళ్లి, చేవెళ్లలో కాపురం, ఇద్దరు పిల్లలు. నా డిగ్రీ సర్టిఫికెట్ బీరువాలో పట్టుచీరల కింద ఉంది. పొద్దున లేస్తే మొయినాబాద్ వైపు ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు వరుసగా పోతుంటాయి. చుట్టుపక్కల పిల్లలందరూ అవి ఎక్కితే, మాది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మానవశాస్త్రం అంటూ కూర్చుంది. దీని సర్టిఫికెట్ కూడా నా చీరల కిందికే వస్తుందేమో అనుకునేదాన్ని.

ఎం.ఏ.లో ప్రాజెక్టు కోసం మా వైపు పూలతోటల్లో పనిచేసే ఆడవాళ్ల దగ్గరికి పోయింది. తెల్లారకముందే వాళ్లతో చామంతులు తెంపింది. పూలమూటల పక్కన కూర్చుని గుడిమల్కాపూర్ మార్కెట్ దాకా పోయొచ్చింది. "ఇదేం చదువమ్మా, కూలికి పోయినట్టుంది" అన్నారు మా ఆయన. "వాళ్లతోటి ఉంటేనే తెలుస్తది నాన్నా. కాగితం మీద ప్రశ్నలడిగితే, మనకు నచ్చే జవాబే చెప్తరు" అంది.

చదువు అయింది. ఆరు నెలలు ఇంట్లోనే ఉంది. పీహెచ్‌డీ చెయ్యాలనుకుంది కానీ, ఇంకో ఐదారేళ్లు అంటే మా ఆయన ముఖం చూసి తానే ఆగిపోయింది. నేనూ 'చదువు బిడ్డా' అని గట్టిగా అనలేకపోయాను. ఒకరోజు, "యూఎక్స్ రిసెర్చ్ ఉద్యోగాలకు పెడుతున్నానమ్మా" అంది. యూజర్ ఎక్స్‌పీరియన్స్ అట. ఒక యాప్‌నో మిషన్‌నో మనుషులు నిజంగా ఎట్లా వాడుతున్నారో, ఎక్కడ ఆగిపోతున్నారో దగ్గరుండి చూసి, తయారుచేసేవాళ్లకు చెప్పే పని.

"కంప్యూటర్ వాళ్ల పనిలో నీకేం పని?" అన్నాను.

అప్పుడు చెప్పింది. అమెరికాలో లూసీ సుచ్‌మన్ అనే మానవశాస్త్రవేత్త 1980లలో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేసిందట. కొత్త కాపీ మిషన్‌తో మనుషులు తిప్పలు పడుతుంటే వీడియో తీసింది. ఆ తిప్పలు పడినవాళ్లలో పేరుమోసిన కంప్యూటర్ శాస్త్రవేత్తలూ ఉన్నారు! మిషన్ ఒకటి అనుకుంటుంది, మనిషి ఒకటి అనుకుంటాడు, తేడా అక్కడుందని 1987లో పుస్తకం రాసింది. "మన దగ్గర ఎస్.సి. దూబే శామీర్‌పేట ఊరిని దగ్గర నుంచి చూసి 1955లో 'ఇండియన్ విలేజ్' రాసిండు. చూసే పద్ధతి అదేనమ్మా. చూసేది ఊరు కాదు, ఫోను" అంది.

నాకు సగమే అర్థమైంది. మిగతా సగం మా అత్తమ్మ వల్ల అర్థమైంది.

ఆ రోజుల్లోనే మా మరిదికి వీసా వచ్చింది. చిలుకూరు బాలాజీకి 108 ప్రదక్షిణలు చేసి మొక్కు తీర్చుకుని, అమెరికా పోతూ వాట్సాప్‌లో తన ఫొటో తీసేసి స్వామి ఫొటో పెట్టుకున్నాడు. పోయి నాలుగు రోజులైనా అత్తమ్మ అతనికి ఫోన్ చెయ్యలేదు. అతను చేస్తే ఎత్తలేదు. కొడుకు దూరం పోయిండని అలిగింది అనుకున్నాం. "ఎందుకత్తమ్మా కోపం?" అని నేనడిగితే, "ఏం లేదు" అని అటు తిరిగి పడుకుంది.

మా అమ్మాయి మాత్రం కారణం అడగలేదు. పక్కన కూర్చుని, "నానమ్మా, బాబాయికి ఎట్ల చేస్తవో ఒకసారి చూపెట్టు" అంది. అత్తమ్మ పేర్లను కిందికీ మీదికీ జరిపింది. "గీడనే మీసాలతోని ఉండె. ఇప్పుడు గీడ దేవుడున్నడు. దేవునికి ఫోన్ ఎట్ల జెయ్యాలె?"

ఆమె పేర్లు చదవదు, ముఖాలు చూస్తుంది. చదువు రాదని నాకు తెలుసు. కానీ ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఆమె ఫోన్ ఎట్లా చేస్తుందో ఒక్కసారీ చూడలేదు. "మరి మమ్మల్ని అడగొద్దా?" అంటే, "సదువు రాదని మల్లోసారి చెప్పుకోవాల్నా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

తర్వాత మా అమ్మాయి తన వంద పేజీల ప్రాజెక్టును పది పేజీలకు కుదించింది. ఏం తెలుసుకోవాలనుకుంది, ఎవరిని కలిసింది, ఏం చూసింది, దానివల్ల ఏం మారాలి, అంతే. వెనక నానమ్మ కథ చేర్చింది. చాలా చోట్ల కాదన్నారు. చివరికి గచ్చిబౌలిలో ఒక కంపెనీ ఇంటర్వ్యూలో నానమ్మ కథే మళ్లీ మళ్లీ అడిగారట. ముందు ఆరు నెలల కాంట్రాక్టు, తర్వాత ఉద్యోగం.

అంతా బాగుందని రాస్తే అబద్ధమవుతుంది. ఒక రాత్రి పళ్లెం ముందు కూర్చుని అంది, "పూలతోటలోని అక్కలు ఇప్పటికీ నన్ను పేరు పెట్టి పిలుస్తరమ్మా. ఇక్కడ గంటసేపు మాట్లాడి, చేతిలో గిఫ్టు కార్డు పెట్టి పంపిస్తం. మళ్లీ కనవడరు. వాళ్ల కష్టం చెప్తే, వచ్చే ఏడాది చూద్దాం అంటరు." నేనేమీ అనలేదు. కాస్త పెరుగు వేసి, ఆ అక్కల గురించి చెప్పమన్నాను. చాలాసేపు చెప్పింది. పీహెచ్‌డీ మాట ఇద్దరం ఎత్తలేదు.

మీ ఇంట్లో కూడా ఎవరైనా ఉన్నట్టుండి ఫోన్ ముట్టడం మానేస్తే, 'ఎందుకు' అని అడక్కండి. పక్కన కూర్చుని 'చూపెట్టు' అనండి.

మా మరిది మీసాల ఫొటో మళ్లీ పెట్టాడు. అత్తమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం తిని కొడుక్కి ఫోన్ చేస్తుంది. అప్పుడు అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుందని ఆమెకు ఎవరం చెప్పలేదు. అతను రోజూ ఎత్తుతున్నాడు.