తార్నాక తలుపు

మా ఇంటి తలుపు తార్నాక నుంచి వచ్చింది. ఊళ్లో ఇప్పటికీ ఈ మాట చెప్పుకుని నవ్వుతారు. చుట్టూ టేకు అడవి పెట్టుకుని టేకు తలుపును హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న ఇల్లు మాదొక్కటే.

ఊరు జైనూరు వైపు. రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు నడవాలి. పాత ఇల్లు ఒక వానాకాలం వెనక్కి ఒరిగిపోతే, ఆ తర్వాతి ఎండాకాలం బాపు, బావ, నేను కలిసి కొత్తది మొదలుపెట్టాం. హక్కు పత్రం వచ్చిన చేను అంచున, ఇప్పచెట్టు పక్కన. గుంజలు, దూలం తాత కాలంనాటివే, పాత ఇంటి నుంచి పీకి తెచ్చినవి. గోడలకు వెదురు తడకలు అల్లాం. కప్పు సగం అయ్యేసరికి వానలు పడ్డాయి, బాపు చేనుకు పోయాడు, నేను ఉస్మానియా హాస్టల్‌కు వచ్చేశాను. ఇల్లు అట్లాగే ఆగింది.

ఆ చలికాలం అవ్వా బాపూ ఆ సగం ఇంట్లోనే పడుకున్నారు. కప్పు లేనిచోట తాడిపత్రి, తలుపు లేనిచోట తడక, తడకకు కుట్టిన యూరియా బస్తాలు. రాష్ట్రంలో అన్నిటికంటే తక్కువ ఉష్ణోగ్రత ఎక్కడ అని పేపర్లో చూస్తే సిర్పూర్-యు, గిన్నెధరి అని మా పక్క ఊళ్ల పేర్లే ఉంటాయి. హాస్టల్లో వాళ్లు "మీది ఊటీ రా" అనేవాళ్లు. అవ్వకు దగ్గు పట్టుకుని శివరాత్రి దాకా వదల్లేదు. ఫోన్లో మాట్లాడుతుంటే మాట కంటే దగ్గే ఎక్కువ వినపడేది.

మరుసటి ఏడు డిసెంబర్లో బాపు ఫోన్ చేసి ఒకటే అన్నాడు. "పుష్యంల నాగోబా జాతరకు పోయేటోళ్లు మనింట్ల ఆగుతరు. అప్పటికి ఇల్లు కావాలె." చుట్టాలు ప్రతి ఏడూ ఆగుతారు. కిందటేడు మాత్రం ఆగకుండా, చూసీ చూడనట్టు పక్క దారిన పోయారు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, బావ చెప్పాడు.

మిగిలిన పని మూడు ముక్కలు: వెనక కప్పు, గోడల మెత్తుడు, తలుపు. గూన పెంకులు చేసేవాళ్లు మా దిక్కు ఇప్పుడు దొరకరు. ఉన్నవాటిని కోతులు వదలవు. పక్క ఊళ్లో ఒకాయన స్లాబు వేసుకుంటూ పాత పెంకులు తీసుకుపొమ్మన్నాడు, బండిమీద రెండు ట్రిప్పులు తెచ్చారు. మట్టికి, పేడకు కరువు లేదు. తలుపు దగ్గరే ఆగింది.

ఎందుకు ఆగిందో మీలో అడవి ఊళ్ల వాళ్లకు చెప్పక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు హక్కు ఇచ్చింది. వెదురు అందులో ఉంది. ఇప్పపువ్వు, తునికాకు, తేనె ఉన్నాయి. కలప లేదు. అందుకే గోడకు తడక అల్లుకోవచ్చు, ఆ గోడకు తలుపు మాత్రం చట్టంలో దొరకదు. మార్కెట్లో పర్మిట్ ఉన్న టేకు కొనాలంటే ధర వినగానే బాపు లేచిపోయాడు.

ఆ రోజుల్లో నేను పీహెచ్‌డీ మూడో ఏడు. ఫెలోషిప్ డబ్బులు నెలల తరబడి రాలేదు. సాయంత్రాలు ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి తార్నాక దాకా నడిచి, అక్కడ ఇద్దరు పిల్లలకు ట్యూషన్ చెప్పేవాణ్ణి. తార్నాకలో స్ట్రీట్ నంబర్ల సందుల్లో పాత ఇళ్లు ఒక్కొక్కటే పోయి అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ట్యూషన్ ఇంటికి రెండిళ్ల అవతల అలాంటిదే ఒకటి కూల్చుతున్నారు. బెంగుళూరు పెంకులు ఒక పక్క పేర్చి ఉన్నాయి. ఇంకో పక్క గోడకు ఆనించి దర్వాజతో సహా ఒక తలుపు. నీలం రంగు పొరలు పొరలుగా లేచిపోయింది. గోటితో గీకి చూశాను. ఆ రంగు, ఆ వాసన నాకు తెలుసు. టేకు.

పాత సామాన్లాయన ఆరు వేలు చెప్పాడు. నా దగ్గర మూడున్నర. "ఊర్ల మా ఇంటికన్నా" అంటే, "ఏ ఊరు?" అని అడిగాడు. చెప్పాను. కాసేపు నన్నే చూసి, "టేకు అడవిలకెల్లి వచ్చి నా దగ్గర టేకు కొంటున్నవా తమ్మీ?" అన్నాడు. ఐదు వేలకు దిగాడు. మిగతాది రూమ్మేట్ ఇచ్చాడు. అతనే ఇంకో మాట అన్నాడు: "రసీదు రాయించుకో. నీకు పనికొస్తది." లెటర్‌ప్యాడ్ మీద 'పాత టేకు తలుపు, దర్వాజ, ఒకటి' అని రాయించి సంతకం పెట్టించుకున్నాను.

తలుపు హాస్టల్ మెట్ల కింద నాలుగు రోజులు ఉంది. పోతూ వస్తూ దాన్ని చూస్తుంటే ఒక లెక్క మనసులో మెదిలేది. ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని 1939లో నిజాం ప్రారంభించాడు. మరుసటి ఏడు, 1940లో, జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను కాల్చి చంపారు. రెండూ ఒకే ప్రభుత్వం పనులు. ఆ తర్వాత మావాళ్లు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని హైమన్‌డార్ఫ్‌ను ఆ ప్రభుత్వమే వాడుకుంది. ఆయన మార్లవాయిలో మావాళ్ల మధ్య గుడిసెలో ఉన్నాడు, ఉస్మానియాలో పాఠాలూ చెప్పాడు. ఆ గుడిసెలో తెలుసుకున్నదే పుస్తకమై ఇప్పుడు నేను రెఫరెన్సుగా రాసుకుంటున్నాను. మెట్ల కింద తలుపు పెట్టుకుని ఆ పుస్తకం చదవడం వేరుగా ఉంటుంది.

ఉట్నూరుకు కిరాణా సరుకు తీసుకెళ్లే డీసీఎం దొరికింది. రాత్రి ఒక చెక్‌పోస్టు దగ్గర ఆపారు. టార్చి తలుపు మీదే ఆగింది. "ఈ టేకు ఏడిది?" హైదరాబాద్‌ది అన్నాను. ఇద్దరూ నవ్వారు. తర్వాత నవ్వలేదు. రసీదు చూశారు, మేకుల గుంతలు చూశారు, పాత రంగు గీకారు, ఐడీ కార్డు అడిగారు. పేరు చివర ఇంటిపేరు చదివి మళ్లీ తలుపు వైపు చూశారు. గంట తర్వాత పొమ్మన్నారు. డ్రైవర్ దారంతా నన్ను తిడుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక అసలు పని. ఎర్రమట్టి, తరిగిన గడ్డి, పేడ కలిపి తొక్కి, ఒక రాత్రి నాననిచ్చి, పొద్దున మెత్తాలి. తెల్లారే ఆ బురదలో కాలు పెడితే మోకాలి దాకా ఎముక జిల్లుమంటుంది. నాకు సెమినార్ తేదీ దగ్గర పడింది. అందుకని ఒకటేసారి మందంగా మెత్తి, మంచుకు ఆరడం లేదని గోడ పక్కన నెగడు పెట్టాను. పొద్దున లేచేసరికి గోడంతా నెర్రెలు. చేతితో తడితే పెచ్చులుగా ఊడింది.

బాపు తిట్టలేదు. ఊడినదాన్ని మళ్లీ నానబెట్టమన్నాడు. పలచగా ఒక పూత, అది దానంతట అది ఆరాక ఇంకొకటి. చలికాలం గోడ నెమ్మదిగా ఆరితేనే పగలదట. మూడేళ్లుగా నేను ఇళ్ల సర్వేలు చేస్తున్నాను, 'కచ్చా ఇల్లు' అన్న గడిలో ఎన్ని టిక్కులు పెట్టానో. ఆ గడిలో పడే గోడ ఒక్కటి కూడా నాకు మెత్తరాదు. వారం పోయింది, సెమినార్ వచ్చే నెలకు పోయింది. గైడ్‌తో మాట్లాడి ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఇప్పచెట్టు కింద కూర్చున్నాను.

చివరగా దర్వాజ నిలబెడితే, గోడ కంటే జానెడు పైకి లేచింది. తార్నాక తలుపు ఆరున్నర అడుగులు. మా చూరు కిందికి ఉంటుంది, వంగి లోపలికి పోవాలి. అంత ఎత్తు దర్వాజ అక్కడ పట్టదు. గోడ పైకి లేపుదాం అన్నాను. కోయడానికి మనసు ఒప్పలేదు. ఐదు వేలు, ఆ చెక్‌పోస్టు, అన్నీ గుర్తొచ్చాయి. బాపు చూరు వైపు చూపించి, "పైకి లేపితే వాన గోడ మీదనే కొడ్తది. నువ్వు మెత్తిన గోడ రెండేండ్లు నిలువది" అన్నాడు. రంపం నా చేతికే ఇచ్చాడు.

అడుగున్నర కోశాం. నీలం రంగు పొర కింద కోసినచోట చెక్క ఇప్పుడే నరికినట్టు ఉంది. వాసన ఇల్లంతా నిండింది. అవ్వ వచ్చి ఆ పొట్టు చేతిలోకి తీసుకుని వాసన చూసింది. ఆ రాత్రి తలుపు వేసుకుని పడుకున్నాం. గాలి బయటే ఆగిపోయింది. అవ్వ రెండుసార్లే దగ్గింది. నేను లెక్కపెట్టాను.

జాతరకు పోయే చుట్టాలు అమావాస్యకు మూడు రోజుల ముందే వచ్చారు. అందరూ వంగి లోపలికి వచ్చారు, ఒక్క పొడుగు బావకు తప్ప ఎవరికీ నుదురు తగల్లేదు.

కోసిన ముక్కను పుస్తకాలు పెట్టుకోవడానికి హాస్టల్‌కు తీసుకుపొమ్మని అవ్వ బట్టలో చుట్టి ఇచ్చింది. బస్సెక్కి దాన్ని సీటు కింద పెట్టాను. రసీదు చొక్కా జేబులో ఉంది. చెక్‌పోస్టు దాటేదాకా నిద్ర పట్టలేదు.