ఎవరి అమానత్ వాళ్లదే

అబ్బా అరకు సంతలో బట్టలు అమ్మేవారు. ఉద్దెర రాసేముందు ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూసి, పేరు అడిగి, ఆ ఖాతాలోనే రాసేవారు. "ఒకరి హిసాబ్ ఇంకొకరి పేరు మీద పడితే ఖియానతే బేటా" అనేవారు.

నేనిప్పుడు అక్కడి కాఫీ రైతుల కోసం వెబ్ అప్లికేషన్ రాస్తున్నాను. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కిన అరకు లోయ అరబికా వాళ్లు పండించేదే. ఎవరి బస్తాలు వాళ్లే నమోదు చేసుకోవాలి, పైసలు ఆ పద్దును బట్టే అందుతాయి.

రైతు నంబరును ఫారమ్‌లో కనపడకుండా పెట్టాను. పద్దు ఒకటి పెరిగితే నా టెస్ట్ పాస్. తసల్లీగా ఉన్నాను.

ఒక రాత్రి అబ్బా మాట యాదికొచ్చింది. ఒక రైతుగా లాగిన్ అయి, ఆ నంబరు మార్చి ఇంకో రైతుది పంపాను. బస్తాలు ఆ రెండో రైతు ఖాతాలో పడ్డాయి! టెస్ట్ మాత్రం పాస్ అంటూనే ఉంది. పద్దు చేరిందా అని అడిగానే గానీ, ఎవరిదని అడగలేదు.

ఇప్పుడు ఫారమ్ ఏం చెప్పినా సర్వర్ వినదు. లాగిన్ అయిన మనిషి పేరు మీదే పద్దు రాస్తుంది. టెస్ట్ కావాలనే వేరే నంబరు పంపి, పద్దు అసలు హక్‌దారుకే చేరిందా అని చూస్తుంది.

అబ్బా ముఖం చూసి రాసేవారు. మిషన్‌కు ముఖం తెలీదు. ఆ సవాల్ మనమే అడగాలి.