బిట్టులో లేని మొదటి వాక్యం

డిసెంబర్ 17, 2024, మంగళవారం

గ్రూప్-2 పరీక్ష నిన్నటితో అయిపోయింది. రెండు రోజులు, నాలుగు పేపర్లు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల ముందు పొద్దున్నించీ ఆటోలేనట. పరుపు చుట్టలు, బకెట్లు, తాళ్లతో బిగించిన పుస్తకాల కట్టలు ఊళ్లకు తరలిపోతున్నాయి. మా అక్క కూతురు మాత్రం ఊరికి పోకుండా మెట్రో ఎక్కి ఎల్.బి.నగర్‌లో మా ఇంటికి వచ్చింది. అన్నం తిని, ఓ నిద్ర తీసి, నా పుస్తకాల బీరువా ముందు నిలబడింది.

"చిన్నమ్మా, ఇవన్నీ నాకు తెలుసు" అంది.

నిజంగానే తెలుసు. 'ప్రజల మనిషి' అంటే వట్టికోట ఆళ్వారుస్వామి, 1955. 'చిల్లర దేవుళ్లు' అంటే దాశరథి రంగాచార్య. 'అంపశయ్య' అంటే నవీన్, చైతన్య స్రవంతి. ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పింది. వాటిలో ఒక్కటీ చదవలేదు. కోచింగ్‌లో బిట్టుగా వచ్చిన నవల బిట్టుగానే ఉండిపోయింది.

రాత్రంతా అదే మనసులో మెదిలింది. పిల్లది తప్పేం లేదు. ఈ పేర్లను ఇంత శ్రద్ధగా, ఇన్నేళ్లు, రోజూ తలుచుకున్నవాళ్లు సాహిత్య సభల్లో కూడా తక్కువే ఉంటారు. అయినా ఆ పేరు వెనకాల ఏముందో చూడమని ఎవరూ అనలేదు వాళ్లతో.

డిసెంబర్ 18

పొద్దున టీ తాగుతుండగా 'ప్రజల మనిషి' తీసి మొదటి పేరా పైకి చదివాను. చదివి మూసేశాను.

"ఆపినవేంది చిన్నమ్మా? చదువు."

పుస్తకం దాని చేతిలో పెట్టాను. హోటల్లో సర్వర్‌గా, ప్రెస్సులో ప్రూఫ్ రీడర్‌గా పనిచేసి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, జైళ్లకు పోయివచ్చిన మనిషి రాసిన నవల ఇది. మధ్యాహ్నానికి కథానాయకుడు కంఠీరవం ఊళ్లోకి, దొర గడీ దాకా పోయింది పిల్ల. భోజనానికి రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

డిసెంబర్ 22, ఆదివారం

ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన. అక్క కూతురు, హాస్టల్లో దాని గదిలో ఉండే ఇద్దరమ్మాయిలు (ఒకరిది ఖమ్మం వైపు, ఒకరిది నల్లగొండ వైపు), నేను. వీళ్లకు ఒక ఆట చెప్పాను: అట్ట చూడొద్దు, వెనక రాసింది చూడొద్దు, ముందుమాట దాటేసి మొదటి వాక్యం ఒక్కటే పైకి చదవాలి. మిగతావాళ్లు "ఊఁ, తర్వాత?" అంటే కొనాలి, లేకపోతే పెట్టేయాలి.

'రాజశేఖర చరిత్రము' వంతు వచ్చినప్పుడు ఖమ్మం అమ్మాయి గ్రాంథికం చూసి జంకింది. ఆ సమాసాల పొడవుకు రెండుచోట్ల ఆగి, మళ్లీ అందుకుని, చివరిదాకా చదివింది. చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు ఆగి విన్నారు. 1878లో 'వివేకవర్ధని'లో మొదలై 1880లో పుస్తకమైన ఆ నవలలో ముందుగా కనిపించేవి గోదావరి, ధవళగిరి. మనుషులు తర్వాత వస్తారు. కావ్యానికి, పురాణానికి అలవాటుపడిన పాఠకుడిని చేయిపట్టుకుని కొత్త ప్రక్రియలోకి తీసుకురావాలంటే రచయిత కందుకూరికి ముందు నది చూపించాల్సి వచ్చిందని నా నమ్మకం.

అదే స్టాల్లో 'బారిస్టర్ పార్వతీశం' దొరికింది. 1924 నాటికి నది, కొండ పక్కకు తప్పుకున్నాయి. మొగలితుర్రు కుర్రవాడు తన పేరూ ఊరూ తనే చెప్పుకుంటూ నేరుగా మన ముందుకు వచ్చేస్తాడు. ఇంకో మూడేళ్లకు చలం 'మైదానం'లో రాజేశ్వరి తన కథ తన నోటితోనే మొదలుపెట్టింది. ఊరి వర్ణన నుంచి ఒక ఆడమనిషి "నేను" దాకా రావడానికి తెలుగు నవలకు అర్ధశతాబ్దం కూడా పట్టలేదు. సాహిత్య చరిత్ర పాఠంగా చెబితే ఈ పిల్లలు నోట్సు రాసుకునేవాళ్లు. మూడు పుస్తకాల మొదటి పేజీలు వరసగా చదివేసరికి నల్లగొండ అమ్మాయి తనంతట తానే అంది: "ఫస్టు దాంట్ల ఊరు మాట్లాడుతుంది, లాస్టు దాంట్ల మనిషి మాట్లాడుతుందక్కా." నేను ఇంకేం చెప్పలేదు.

డిసెంబర్ 24

అద్దె పుస్తకాల షాపులు గుర్తొచ్చాయి. మా కాలనీలో మందు షాపు పక్కన ఒకటి ఉండేది. పుస్తకాన్ని అక్కడే నిలబడి ఒక పేజీ చదివి, నచ్చితే రోజు అద్దెకు తెచ్చుకునేవాళ్లం. పత్రికల్లోంచి కత్తిరించి కుట్టించిన సీరియళ్లే ఎక్కువ. అసలు మన నవలలు ఎన్నో అలా పుట్టినవే. 'అల్పజీవి' 'భారతి'లో, పి.శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' 'తెలుగు స్వతంత్ర'లో, యద్దనపూడి 'సెక్రటరీ' 'జ్యోతి'లో వచ్చాయి. సీరియల్ రాసేవాళ్లకు మొదటి వాక్యం ఒక్కసారి రాస్తే సరిపోదు. ప్రతి సంచికా ఒక ఎత్తుగడే. ఎంత వేగంగా చదవాలో కూడా పత్రికే నిర్ణయించేది. వచ్చే సంచిక దాకా ఆగాల్సిందే. ఆ ఆగడంలో పాత్రల గురించి ఇంట్లో, బస్టాపులో ఎంత మాట్లాడుకునేవాళ్లమో!

డిసెంబర్ 31

కొత్త సంవత్సరానికి లక్ష్యం: యాభై పుస్తకాలు. అక్క కూతురు చార్టు మీద గళ్లు గీసి పంపింది. సిలబస్‌కు గీసుకున్నట్టే, నెలకు ఇన్ని, వారానికి ఒకటి.

సాయంత్రం ఫోన్ చేశాను. 'మైదానం' వంద చిల్లర పేజీలు. 'వేయిపడగలు' దాదాపు వెయ్యి. చార్టులో రెండింటికీ ఒక్కో గడే. యాభై గళ్లు నింపాలనుకున్నవాళ్లు 'వేయిపడగలు' ఎప్పుడు ముడతారు? విశ్వనాథ ఆ నవలను ఇరవై తొమ్మిది రోజుల్లో చెప్పి రాయించారంటారు. చదివేవాళ్లకు అంతకన్నా ఎక్కువ వ్యవధే కావాలి. లక్ష్యం పెట్టుకోవడం మంచిదే. అది లేకపోతే ఏడాదంతా ఫోన్‌లోనే గడిచిపోతుంది. కానీ లెక్క కోసం సన్న పుస్తకాలు ఏరుకునే అలవాటు మాత్రం వద్దని గట్టిగానే చెప్పాను.

"మల్ల నోటిఫికేషన్ వస్తే ఏం జేయాలె చిన్నమ్మా?" అంది. ఆ ప్రశ్న న్యాయమైనది. చదువుకు, ఉద్యోగానికి మధ్య ఇరుక్కున్న పిల్లకు యాభై పుస్తకాలు కూడా ఇంకో పరీక్ష కాకూడదు.

చివరికి ఇద్దరం ఒప్పుకున్నది: చార్టు తీసేయాలి. ఒక నోటుబుక్కు పెట్టాలి. పుస్తకం మొదలుపెట్టిన రోజు దాని మొదటి వాక్యం అందులో చేత్తో రాసుకోవాలి. ముగించిన రోజు ఆ వాక్యం మళ్లీ చదివి, ఇప్పుడేమనిపిస్తోందో కింద రాయాలి. ఎన్ని వాక్యాలైతే అన్ని.

జనవరి 5, 2025, ఆదివారం

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల దగ్గర పాత పుస్తకాలు. పరీక్ష అయిపోయింది కాబట్టి గైడ్లు, తెలుగు అకాడమీ పుస్తకాలు కుప్పలు పోశారు. వాటి అడుగున 'అంపశయ్య', మొదటి కాగితం లేకుండా! బేరమాడకుండా కొన్నాను. ఖమ్మం అమ్మాయి ఎక్కడినుంచో ఇంకో ప్రతి తెచ్చి, పోయిన పేజీలు రెండూ రూళ్ల కాగితం మీద నీలం పెన్నుతో కొట్టివేతలు లేకుండా ఎత్తిరాసి, మైదాపిండి జిగురుతో అంటించింది. పేజీ నంబర్లు కూడా వేసింది. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి జీవితంలో ఒక్క రోజే ఆ నవల. 1969లో వచ్చింది. "మా హాస్టల్ల కూడా గిట్లనే ఉంటదక్కా, మెస్సు పైసల కాడికెల్లి" అంది. బిట్టులో ఉన్న చైతన్య స్రవంతి అనే మాటకు ఇవాళ ఒక మనిషి దొరికాడు.

జనవరి 10

సంక్రాంతికి ముగ్గురూ ఊళ్లకు పోతున్నారు. ఎవరికేది అని పంచుకున్నాం. 'కాలాతీత వ్యక్తులు' ఖమ్మానికి, 'ప్రజల మనిషి' మిగిలిన సగంతో మా అక్క ఇంటికి. నల్లగొండ అమ్మాయి 'చిల్లర దేవుళ్లు' కావాలంది. వాళ్ల తాతకు చదువు రాదు, దొరల కాలం కళ్లారా చూసినవాడు. "మొదటి పేజీ చదివి వినిపిస్తక్కా, తప్పుంటే ఆయనే చెప్తడు" అంది. ఆయన ఏమన్నా సరే నోటుబుక్కులో రాసుకురమ్మన్నాను.