రాళ్ళ మీద ముగ్గులున్న లోయ

ఇటలీ వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫోటోలు చూడకుండానే చెప్పేయొచ్చు. రోమ్‌లో కొలోసియం ముందు ఒకటి, వెనిస్‌లో పడవెక్కి ఒకటి, పీసాలో ఒరిగిన గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఒకటి. తప్పని కాదు. అంత డబ్బు పోసి వెళ్ళి అవి చూడకుండా ఎలా వస్తాం! అయితే పిల్లలు మిలాన్‌లో చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో ఉంటే, వాళ్ళ దగ్గర ఓ నెలా రెండు నెలలు ఉండొచ్చే తల్లులు ఈ మధ్య మన ఊళ్ళలో బాగానే కనిపిస్తున్నారు. వాళ్ళలో సగం మంది పిల్లలకి పప్పూ పులుసూ వండిపెట్టి, సూపర్‌మార్కెట్ తప్ప ఇంకేమీ చూడకుండా తిరిగొచ్చేస్తారు. ముఖ్యంగా వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. పొద్దున్నే మిలాన్‌లో రైలెక్కితే మధ్యాహ్నంలోపు చేరిపోగల కొండలోయ ఒకటుంది. పేరు వాల్ కమోనికా.

వాల్ అంటే లోయ. కమూని అనే జాతివాళ్ళు ఉండేవారు కాబట్టి కమోనికా. ఇటలీకి ఉత్తరాన, లొంబార్డీ రాష్ట్రంలో, ఆల్ప్స్ కొండల మధ్య సుమారు 90 కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉంటుంది. పైన తొనాలె కనుమ, కింద ఇసెయో సరస్సు, మధ్యలో ఓల్యో నది. క్రీస్తు పూర్వం 16లో రోమన్లు వచ్చి ఈ కమూనీలని లొంగదీసుకున్నారు. వాళ్ళ భాషలో రాసిన రాతలు రాళ్ళ మీద మిగిలాయి గానీ, అక్షరాలు గుర్తుపట్టగలిగినా అర్థం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

మిలాన్ నుంచి బ్రెషా వరకు మామూలు రైల్లో గంటా, గంటంబావు. అక్కడ ఎదోలో వెళ్ళే చిన్న రైలు మారాలి. 1909లో ఎదోలో దాకా వేసిన లైను ఇది. ఒకే పట్టా, స్టేషన్‌కీ స్టేషన్‌కీ ఆగుతూ, సరస్సు ఒడ్డునే సొరంగాలు దూరుకుంటూ తాపీగా పోతుంది. కాపో ది పొంతె అనే ఊళ్ళో దిగాలి. నేనూ, మా పెద్దవదినా, మా అమ్మాయీ వెళ్ళాం. వదినకి అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పి. "కొండలెక్కడానికి నన్నెందుకే, మీరిద్దరూ వెళ్ళిరండి" అని ముందు మొండికేసింది. "అక్కడ మగ్గాల బొమ్మలు కూడా ఉన్నాయిట వదినా, మీరు చూడకపోతే ఎలా?" అన్నాను. వాళ్ళ పుట్టింట్లో మగ్గం ఉండేది. దాంతో కదిలింది.

రాతి మీద మగ్గం

ఊరి నుంచి నక్వానె అనే చోటుకి నడిచి వెళ్ళాలి. చెస్ట్‌నట్ చెట్ల నీడలో ఎక్కుడు దారి. మెల్లగా నడిచినా అరగంటలో అయిపోతుంది. దారిలో ఫౌస్తీనా, లిబెరాతా అనే ఇద్దరు అక్కచెల్లెళ్ళ పేరున ఓ చిన్న చర్చి ఉంది. వరదలో కొండ మీంచి బండలు దొర్లి ఊరి మీద పడబోతుంటే ఈ ఇద్దరూ చేతులడ్డం పెట్టి ఆపారనీ, వాళ్ళ చేతుల గుర్తులు బండ మీద పడ్డాయనీ స్థలపురాణం. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. ఊరిని కాపాడింది ఆడవాళ్ళ చేతులేనన్న మాట మాత్రం నాకు నచ్చింది.

నక్వానె 1955లో జాతీయ పార్కు అయింది. పార్కు అంటే పూలమొక్కలూ ఊయలలూ అనుకునేరు. అడవి మధ్యలో, ఏనుగుల మంద పడుకున్నట్టుండే బూడిదరంగు, ఊదారంగు బండలు. ఒకప్పుడు ఇక్కడ హిమానీనదం ఉండేది. అది జారుతూ జారుతూ ఈ రాళ్ళని పలకలా నున్నగా అరగదీసిపోయింది. ఆ తర్వాత వచ్చిన మనుషులు గట్టిరాయితో టకటకా పొడిచి వాటి మీద బొమ్మలు చెక్కారు. లేళ్ళు, కుక్కలు, గుడిసెలు, కత్తులు పట్టుకున్న మనుషులు, చేతులు పైకెత్తి దణ్ణం పెడుతున్నవాళ్ళు! లోయ మొత్తం మీద లక్షా నలభై వేలకి పైనే ఉన్నాయని లెక్క. ఎనిమిది వేల ఏళ్ళ పాటు చెక్కుతూనే ఉన్నారుట. 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఇటలీ నుంచి మొట్టమొదట ఎక్కినవి ఈ బండలే. వెనిస్‌కీ రోమ్‌కీ కూడా తర్వాతే అవకాశం వచ్చింది.

విచిత్రం ఏమిటంటే, ఊళ్ళోవాళ్ళకి ఇవి ఎప్పుడూ తెలుసు. వాళ్ళ యాసలో వీటిని పితోతి అంటారు, బొమ్మలని అర్థం. పశువులు కాసుకుంటూ చూసేవాళ్ళు, పట్టించుకునేవాళ్ళు కాదు. 1909లో గాల్తియెరో లాయెంగ్ అనే ఆయన నది అవతల చెమ్మో దగ్గరున్న రెండు బండల సంగతి రాసి పంపిస్తే గానీ బయటి ప్రపంచానికి తెలియలేదు.

పార్కులో మొదటి నెంబరు బండ చాలా పెద్దది. వెయ్యికి అటూ ఇటూ బొమ్మలున్నాయంటారు. మా వదిన వెతికిన మగ్గాలు దాని మీదే ఉన్నాయి. మన వైపు గుంటమగ్గంలా కాదు. నిలువు చట్రం నిలబెట్టి, పడుగు దారాలు పైనుంచి కిందికి వదిలి, కొసల్లో బరువులు కట్టి నేసే మగ్గం అది. వదిన చెక్కబాట కటకటాలు పట్టుకుని చాలాసేపు అలాగే వంగి చూసింది. "పడుగు ఉంది, బరువులున్నాయి. నేసేవాళ్ళు లేరేం?" అంది. నిజమే, మగ్గం పక్కన మనిషి బొమ్మ లేదు. కత్తి పట్టుకున్నవాడికి బొమ్మ ఉంది, మగ్గానికీ బొమ్మ ఉంది, నేసినావిడకి లేదు. అయినా మూడు వేల ఏళ్ళ కిందట బట్ట నేసే పనిని ఎవరో ఒకరు రాతి మీద దాచిపెట్టదగ్గదిగా అనుకున్నారు కదా!

ఇంకోమాట. బ్రేనో ఊరి దగ్గర 1986లో తవ్వకాల్లో రోమన్ల కాలం నాటి మినర్వా దేవి గుడి బయటపడింది. చదువుకీ, చేతిపనులకీ, నేతకీ ఆవిడే దేవత. ఈ లోయలో ఆ దేవతని పెట్టుకోవడం నాకేమీ ఆశ్చర్యం అనిపించలేదు.

మధ్యాహ్నం పక్కనున్న ఫోప్పె ది నాద్రోకి వెళ్ళాం. అక్కడే మా వదిన ఒక్కసారి ఆగిపోయింది. "ఇదేమిటే, మన మెలికల ముగ్గు ఇక్కడెవరు వేశారు?" అంది. అది కమూనియన్ గులాబి. తొమ్మిది చుక్కలు, వాటి చుట్టూ ఎక్కడా తెగకుండా మెలికలు తిరిగి మొదలైన చోటికే వచ్చే గీత. అచ్చం మన చుక్కల ముగ్గే. లోయలో ఇలాంటివి ఎనభైకి పైగా ఉన్నాయి. కొన్ని నాలుగు రేకుల పువ్వులా, కొన్ని స్వస్తిక్‌లా ఉంటాయి. 1975 నుంచి లొంబార్డీ రాష్ట్ర చిహ్నం కూడా ఇదే. మిలాన్‌లో మా అమ్మాయి రోజూ ఎక్కే రైళ్ళ మీదా ఆఫీసుల మీదా చూస్తూనే ఉందిట, ఏదో పువ్వనుకుంది. మన ముగ్గు అంత దూరం వెళ్ళిందనో, వాళ్ళది మనకొచ్చిందనో కథలల్లేవాళ్ళ మాట నమ్మకండి, దానికి ఆధారం లేదు. చుక్కలు కనిపిస్తే చుట్టూ గీత తిప్పాలనిపించడం చేతికున్న సహజ గుణం అనుకుంటే సరిపోతుంది. వదిన మటుకు అక్కడే బల్ల మీద కూర్చుని, టిక్కెట్టు వెనకాల పెన్ను ఎత్తకుండా వేసి చూపించింది. పక్కనున్న ఇటాలియన్ ఆవిడ ఇంకో కాగితం ఇచ్చి మళ్ళీ వేయించుకుంది.

ఓపికుంటే నది దాటి బెదోలీనా కూడా చూడండి. నాలుగు మీటర్ల పైచిలుకు బండ మీద గళ్ళు గళ్ళుగా మడులు, మడుల్లో చుక్కలు, వాటిని కలుపుతూ వంకర దారులు. పొలాల పటం అని కొందరు, అబ్బే పటం కాదని కొందరు. అక్కణ్ణించి కిందికి చూస్తే లోయలో పొలాలు నిజంగా అలాగే కనిపిస్తాయి. నేను పటం పార్టీయే!

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఈ బండల మీద కాలు పెట్టకూడదు. వేల ఏళ్ళు మట్టీ నాచూ కప్పుకుని ఉండబట్టి బొమ్మలు బతికాయి. ఇప్పుడు బయటపడ్డాక ఎండకీ వానకీ మన చెప్పులకీ అరిగిపోతాయి. ఒకప్పుడు ఫోటోల్లో బాగా పడాలని గాట్లలో రంగు కూడా నింపేవారుట. ఇప్పుడు అలా చెయ్యనివ్వరు. బొమ్మలు సరిగ్గా కనబడాలంటే రంగు అక్కర్లేదు, వేళ చూసుకుంటే చాలు. పొద్దునో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఒక్కొక్కటీ లేచి నిలబడతాయి. మిట్టమధ్యాహ్నం వెళితే ఉత్త రాయే కనిపిస్తుంది.

కొలిమి, గుడిమెట్లు, కనుమ

మర్నాడు బియెన్నో వెళ్ళాం. ఇది కమ్మరుల ఊరు. కొండవాగు నుంచి కాలవ తీసుకొచ్చి, ఆ నీటి బలంతో చక్రం తిప్పి, చక్రంతో పెద్ద సమ్మెట లేపి ఇనుము కొట్టేవారు. బొగ్గు కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపముక్క ఆ సమ్మెట కింద బాల్చీగానో మూకుడుగానో మారేది. కొలిమి ఒకటి మ్యూజియంగా ఉంచారు. ఇనుప మూకుడులో వేపుడు రుచి తెలిసినవాళ్ళు ఇది చూడాల్సిందే.

చెర్వేనో అనే పల్లెలో మరో వింత. మెట్లదారికి అటూ ఇటూ పద్నాలుగు గదులు, వాటిల్లో క్రీస్తు శిలువ మోసిన కథ చెప్పే 198 నిలువెత్తు బొమ్మలు. 1752 నుంచి బెనియామీనో సిమోనీ అనే శిల్పి వీటిని చేశాడు. ముఖాలకి ఊళ్ళోవాళ్ళనే చూసి చేశాడని చెప్పుకుంటారు. కావచ్చు. ఆ ముక్కులూ ముడతలూ కింద బజార్లో కూరలమ్మే ముసలమ్మల్లో కనిపించాయి మరి. రైలుదారిలోనే సరస్సు కొసన ఉన్న పిజోన్యెలో రోమనీనో వేసిన గోడచిత్రాల్లోనూ ఇలాంటి మామూలు మనుషులే. ఆ చర్చిని పేదవాళ్ళ సిస్టీన్ చాపెల్ అంటారు.

లోయ పైకొస కథ వేరు. ఎదోలో నుంచి బస్సులో పైకి వెళితే తొనాలె కనుమ, 1,883 మీటర్ల ఎత్తు. చల్లగాలి, పచ్చిక, ఆవుల మెడలో గంటలు, ఎదురుగా అదమెల్లో మంచుకొండ. ఇంత అందమైన చోటు పేరు చెప్పి ఒకప్పుడు ఆడవాళ్ళని తగలబెట్టారంటే నమ్మబుద్ధి కాదు. రాత్రిళ్ళు తొనాలె మీద దెయ్యంతో కలిసి గంతులేస్తున్నారనీ, పంటలు పాడుచేస్తున్నారనీ, పిల్లల్ని చంపుతున్నారనీ అభియోగం. 1518 ప్రాంతంలో ఈ లోయలో అరవైమందికి పైగా కాల్చేశారు. అందులో మగవాళ్ళూ ఉన్నారు గానీ ఎక్కువమంది ఆడవాళ్ళే. మంత్రసానులూ, ఆకుపసరు వైద్యం తెలిసినవాళ్ళూ, దిక్కులేని ముసలివాళ్ళూ అనుమానానికి సులువుగా దొరికేవాళ్ళు. చివరికి ఈ ప్రాంతాన్ని ఏలుతున్న వెనిస్ ప్రభుత్వం కలగజేసుకుని 1521లో విచారణలు ఆపించింది.

మా అమ్మాయి ఇది చదివి వినిపిస్తుంటే వదిన, "మన వైపు చిల్లంగి అనేవారు, అదేగా?" అంది. అదే. బాణామతి అనీ, చేతబడి అనీ ఒంటరి ఆడదాన్ని కొట్టి చంపిన వార్తలు మన పేపర్లలో ఈ శతాబ్దంలోనూ చదివాం. వాళ్ళది అయిదొందల ఏళ్ళ కిందటి మాట అని మనం ముక్కు మీద వేలేసుకోవడానికి లేదు.

ఇదే కనుమ మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఇటలీకీ ఆస్ట్రియాకీ సరిహద్దు. 1915 నుంచి 1918 దాకా మంచుకొండల మీద సైన్యాలు తలపడ్డాయి. తూటాలకన్నా మంచుచరియలకీ చలికీ పోయినవాళ్ళే ఎక్కువంటారు. ఆ యుద్ధం వస్తువులతో తెమూ అనే ఊళ్ళో మ్యూజియం ఉంది. పైన సైనికుల కోసం తొలిచిన దారికి ఇప్పుడు పేరు "పూల దారి". పేరు చూసి మోసపోకండి. మూడు వేల మీటర్ల ఎత్తున, ఇనుపతాళ్ళకి కొక్కేలు తగిలించుకుని నడవాల్సిన దారి అది.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు

నడకదారుల పక్కన రాళ్ళ మీదా చెట్ల మీదా ఎరుపూ తెలుపూ పట్టీలుంటాయి. అవి చూసుకుంటూ నడవడమే. పలకల మీద టి అని ఉంటే అందరూ నడవొచ్చు. ఇ అంటే కాస్త కొండనడక అలవాటుండాలి. ఇఇ అని రెండుసార్లుంటే మనలాంటివాళ్ళం వెనక్కి తిరగాలి. బండలు తడిస్తే సబ్బులా జారతాయి, కాబట్టి స్లిప్పర్లు వద్దు, పట్టుండే బూట్లే వేసుకోండి. చీరకన్నా పంజాబీ డ్రెస్సు నయం. మా వదిన చీర కాస్త పైకి దోపుకుని నక్వానె అంతా తిరిగింది, అది వేరే సంగతి. ఆమె మోకాళ్ళకి ఎక్కుడు కాదు, దిగుడు కష్టమైంది. ఒక చేతికర్ర కొనుక్కోండి. పార్కుల వేళలు కాలాన్ని బట్టి మారతాయి, సెలవురోజు ముందే చూసుకుని బయల్దేరండి.

తిండికి భయపడక్కర్లేదు. మొక్కజొన్న పిండితో చేసే పొలెంతా మన సంకటి లాంటిదే. ఉప్పూ వెన్నా తప్ప ఏమీ ఉండదు కాబట్టి సంచిలో చిన్న ఆవకాయ సీసా ఉంటే స్వర్గమే. కాసొన్చెల్లి అని కజ్జికాయల్లా మడిచి ఉడికించేవి దొరుకుతాయి గానీ, లోపల చాలాచోట్ల మాంసం ఉంటుంది, అడిగి తినండి. ఇక్కడి సిల్తెర్ చీజ్‌కి మంచి పేరు. అయితే ఇటలీలో పాతపద్ధతి చీజ్‌లు చాలావాటిలో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. పట్టింపున్నవాళ్ళు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి. స్పొంగాదా అనే తియ్యరొట్టె బాగుంటుంది, గుడ్డు తినేవాళ్ళకి.

రైల్లో వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ, వచ్చేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. సరస్సు అటే ఉంటుంది.