కారణము వ్రాయని సంఖ్యలు

పారిశ్రామికవాడలయందు జరుగు పనిని గూర్చి ఏదైన వ్రాయుమని సంపాదకులు కోరగా, జీడిమెట్లలో కంట్రోల్ ప్యానెళ్లు కట్టు కార్ఖానా నొకదానిని చూడబోయితిని. రేకుల కత్తిరింపు మొదలుకొని రంగుల గది వరకు సమస్తమును క్రమముగా చూపవలెనని యజమాని ఉత్సాహపడెను గాని, నా అడుగులు మూలనున్న ఒక బల్లకడనే నిలిచిపోయినవి.

అచట నడివయస్కుడైన టెక్నీషియన్ ఒకడు యంత్రములను నడుపు చిన్న కంప్యూటరగు సీమెన్స్ ఎస్7-1200 పీఎల్‌సీకి లాప్‌టాప్ తగిలించి కూర్చుండెను. తయారగుచున్నది నీటి పంపుల ప్యానెలు. ప్రోగ్రాము మునుపే సిద్ధమైనది. ఆతడు సెట్టింగులు పెట్టుచుండెను. కరెంటు పోయి వచ్చినపుడు యంత్రము తనంత తానే నడవవలెనా, ఆగి మనుష్యుని ఆజ్ఞకై వేచియుండవలెనా? ఒక చుట్టు లెక్క ముగించుటకు ఎంత వ్యవధి నీయవలెను? ఏ అంకెను జ్ఞాపకముంచుకొనవలెను, దేనిని మరచిపోవలెను? వీటికి కంపెనీవారు ముందే కొన్ని సమాధానములు పెట్టి పంపుదురు: చుట్టునకు 150 మిల్లీసెకన్ల హద్దు, కరెంటు రాగానే మునుపటి స్థితికే పునరాగమనము. పెక్కుమంది వాటిని ముట్టరు. ఈతడు మాత్రము రెండవదానియొద్ద ఆగి, కరెంటు లేని వేళ పంపు కప్లింగుపై ఎవరి చేయి ఉండునో ఊహించువానివలె కొంతసేపు కదలక, పిదప దానిని మార్చెను.

అటుపిమ్మట నీటిమట్టము కొలత. సెన్సారు పంపించు విద్యుత్ప్రవాహము ట్యాంకు ఖాళీగా నున్నపుడు 4 మిల్లీఆంపియర్లు, నిండినపుడు 20. అడుగు హద్దు సున్న గాక 4 అగుటలోనే ఒక మహోపకారమున్నది: తీగ తెగినచో ప్రవాహము సున్నకు పడిపోవును గనుక, తెగిన తీగను ఖాళీ ట్యాంకునుండి వేరుగా గుర్తింపవచ్చును. అయినను, 4కు దిగువకు పోయినచో పంపును ఆపుమని ఎవరో ఒకరు చెప్పి యుండవలెను. చెప్పనియెడల ట్యాంకు పొంగి వీధులు మునుగుచున్నను పంపు తోడుచునే యుండును. ఆతడు ఎర్రపిడి స్క్రూడ్రైవరుతో టెర్మినల్ వదులుచేసి, రెండు వ్రేళ్లతో తీగను మృదువుగా వెలికిలాగి, తెరవంక చూడక ప్యానెలు తలుపుపైని దీపమువంకనే చూచెను. దీపము వెలిగినది. తీగను మరల బిగించి, మరల లాగెను. అంతటి శ్రద్ధ ఏ బిల్లులోనికి ఎక్కును?

ఈలోగా సహాయకుడగు కుర్రవాడు, మరమ్మతుకు వచ్చిన పాత ఎస్7-300 ప్యానెలును చూపి, “అన్నా, దీన్ల ఉన్నది అట్లనే దింపుకుంటే అయిపోతది గద?” అనెను.

“దింపుకుంటే నంబర్లొస్తయి తమ్మీ. ఏడు సెకన్ల టైమర్ ఉంటది. ఏడెందుకో, పది ఎందుకు గాదో ఎవడు జెప్తడు?”

ఆతని ఫిర్యాదు యథార్థము. ఆ తరపు యంత్రములలోనికి ప్రోగ్రాము మాత్రమే పోవును. పేర్లు, వ్యాఖ్యలు ఇంజనీరు కంప్యూటరులోనే మిగులును. ఇంజనీరు ఉద్యోగము మారినను, కంప్యూటరు చెడినను, కారణములన్నియు వానితోడనే పోవును. మెదకు సీమలోని కొలచారమునకు చెందిన మల్లినాథసూరి కాళిదాసునకు వ్యాఖ్యానము వ్రాసిన నేల యిది. ఇచట మూలము మిగిలి వ్యాఖ్య నశించుట నన్ను మరింత నొప్పించినది.

ఈ యంత్రముల పుట్టుకను తలచినచో చికాకు హెచ్చును. కారు నమూనా మారినపుడెల్ల రిలేల తీగలను విప్పి కట్టలేక విసిగిన జనరల్ మోటార్స్ వారు 1968లో దీనిని కోరగా, మరుసటి యేట మాడికాన్ 084 వచ్చినది. దాని భాషను నిచ్చెన చిత్రముగా రూపొందించుటకు ముఖ్యహేతువు, కార్ఖానాలోని ఎలక్ట్రీషియన్ దానిని తన వైరింగు పటమువలెనే చదువుకొనగలుగుట. 1993లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణము, ఐఈసీ 1131-3, ఆ నిచ్చెనను నిలిపి, ఇతర భాషలను దాని సరసన చేర్చినది. ఎలక్ట్రీషియన్ చదువుకొనుటకై పుట్టినదానిని నేడు పాస్‌వర్డుతో మూసి, వ్యాఖ్యలు తీసివేసి, ఆ ఎలక్ట్రీషియనుకే అప్పగించుచున్నాము. యజమాని చూపిన టెండరులో రేకు మందము, రంగు ఛాయ సవిస్తరముగా నున్నవి. ప్రోగ్రామును వ్యాఖ్యలతో సహా ఇచ్చితీరవలెనను వాక్యమొక్కటియు లేదు.

కొత్త పీఎల్‌సీలలో వ్యాఖ్యలు యంత్రముననే నిలుచును గనుక, చోటు లేదను సాకు ఇప్పుడు చెల్లదు. మన టెక్నీషియన్ ప్రతి సెట్టింగు వెంట ఇంగ్లీషు లిపిలో తెలుగు మాటలు కొట్టుచుండెను: వైరు తెగితే పంపు ఆగాలి, కరెంటొస్తే మనిషి నొక్కాలి. యజమాని నా భుజముమీదుగా తొంగిచూచి, అవి నామోషీగా ఉన్నవనియు, పంపుటకు ముందు తీసివేయుమనియు చెప్పెను. అట్టి నామోషీ కొనుగోలుదారునకే మేలని నేనంటిని. ఆయన నవ్వి, “కస్టమర్ అడగలేదండీ” అనెను. టెక్నీషియన్ ఏమియు మాటాడక ఫైలును సేవ్ చేసెను.