క్షేత్రమంటే చేను గదరా!

"రేడియేషన్ కనిపెట్టే మిషను ఉంటుందంట గదరా! తెచ్చి మా బోరునీళ్ల మీద పెట్టి చూడు. మనవరాలికి తాపాలంటే గుండె ఆడ్డంలేదు" అని మా అక్క ఫోను చేసింది. అక్కావాళ్లది వేముల మండలం. 2007లో శంకుస్థాపన జరిగిన తుమ్మలపల్లె యురేనియం గనికి ఆమడ దూరం కూడా ఉండదు.

నేను ప్రొద్దుటూరులో తెలుగు చెప్పుకునేవాణ్ని. నిజం చెప్పొద్దూ, ఏదో చిన్న మిషను పట్టుకెళ్లి, అది నోరెత్తకపోతే "ఏమీ లేదక్కా" అనేసి వద్దామనే నా ఉద్దేశం.

జమ్మలమడుగులో ఫిజిక్సు చెప్పే మిత్రుణ్ని వెంటబెట్టుకుని, ముద్దనూరు మీదుగా పులివెందుల బయల్దేరాను. బస్సులో ఆయన సిలికాన్ డిటెక్టరు సంగతెత్తాడు. యురేనియం వదిలిన ఆల్ఫా కణం ఒక్కటి ఆ సిలికాన్ పలకలో ఆగితే 11 లక్షలకు పైగా జంటలు పుడతాయట. జంటంటే ఒక ఎలక్ట్రాను, అది ఖాళీచేసిన చోటు. వాటి మానాన వాటిని వదిలేస్తే మళ్లీ కలిసిపోతాయి.

"ఆలుమగలు గదిలో పోట్లాడుకుని గంటలో కలిసిపోతే వీధికేం తెలుస్తుంది? ఇరువైపులవాళ్లూ వచ్చి ఆవిణ్ని అటూ ఆయన్ని ఇటూ లాగితేగదా ఊరంతా గోల!" అన్నాడు.

ఆ లాగేదే విద్యుత్ క్షేత్రం. పలకకు ఎదురు దిశలో వోల్టేజీ పెడితే లోపల ఒక పొరలో ఆ క్షేత్రం నిలుస్తుంది. జంటలు కలిసేలోపే, సెకనులో ఏ కోటోవంతు కాలంలోనో, వాటిని చెరో అంచుకూ ఈడ్చేస్తుంది. ఆ కదలికే మనకందే కబురు. క్షేత్రం బలం చాలనిచోట కొన్ని కలిసిపోయి లెక్క తగ్గుతుంది. (మా ఆవిడకీ ఉపమానం చెప్పలేదు లెండి.)

అక్కకు ఇదంతా చెప్పబోయాను. "క్షేత్రమంటే చేను గదరా! మిషనేదీ?" అంది, బిందె ముందుపెట్టి.

మిత్రుడే అందుకున్నాడు: "ఆల్ఫా కణం కాగితాన్నే దాటలేదమ్మా, నీళ్లలోంచి పైకెట్లా వస్తుంది? బిందెమీద మిషను ఊరుకుందని నమ్మి తాగితే అదే ప్రమాదం. సీసాలో పట్టివ్వండి, ప్రయోగశాలలో చూపిస్తాను."

నేను తల దించుకున్నాను.

"అందాకా పాపకేం నీళ్లు తాపేది?" అంది అక్క. పులివెందుల నుంచి నీళ్లక్యాను తెప్పించాం.

తిరుగు ప్రయాణంలో, జమ్మలమడుగులో ఆయన దిగుతూ చెయ్యి చాపేదాకా ఆ సీసాను ఒళ్లోంచి కింద పెట్టలేదు.