మా ఇంటి కార్బైను

మా దాదా నాటి మార్టినీ-హెన్రీ కార్బైను కురచది, వింతది. బోల్టుండదు, కింది మీట లాగితే లోపలి దిమ్మ దిగుతుంది. తూటా లేదని రెండుసార్లు చూసుకుని, అడ్డమేకు తీసి దిమ్మ విప్పేవాళ్లం. నల్లమందు మసి ఒట్టి నూనెకు పోదు. ముందు వేడినీళ్లు, తర్వాత పొడిగుడ్డ, చివర పల్చగా నూనె. మసిగుడ్డలు ఉతికేది మా దాదీయే, తిట్టుకుంటూ. ఎన్నికలొస్తే లైసెన్సు కాగితంతో స్టేషన్లో అప్పగించేవాళ్లం.

అయినా చర్లలో మమ్మల్ని అడిగేది ఒక్కటే: 'సాయిబూ, రజాకార్లదా?'

నిజాం రాజ్యం గోదావరి అవతల. 1948లో చర్ల మద్రాసు ఏలుబడిలో ఉంది. నూగూరు, భద్రాచలం తాలూకాలు ఖమ్మంలో కలిసింది 1959లో. చెప్తే వింటారు, తలూపుతారు. పక్కింటి నాటుతుపాకి ఎన్ని పందుల్ని కొట్టిందని అడుగుతారు. మాది ఎవర్ని కొట్టిందని.